మూత విప్పిన మిక్సర్, మన గొంతు చరిత్ర

మన సంఘం ఈ-సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని పెద్దలు అడిగినప్పుడు, లదేణి బండ్ల గురించో, తండాలు పుట్టిన తీరు గురించో రాస్తానని అందరూ అనుకొని ఉంటారు. నేను మాత్రం ఒక పాత మిక్సర్ గురించి రాస్తున్నాను. పెళ్లిళ్లలో, సేవాలాల్ జయంతిలో, తీజ్ పండుగలో మైకులన్నీ వచ్చి కలిసే పెట్టె అది. వరుసగా బొత్తాలు, జరిపే మీటలు ఉంటాయి. మన తమ్ముళ్లు దాన్ని ముద్దుగా "బోర్డు" అంటారు. హాస్టల్ వార్డెన్‌కు ఈ బోర్డుతో పనేమిటని మీకు అనిపించవచ్చు. చదవండి, మీకే తెలుస్తుంది.

గురక పెడుతున్న పెట్టె

కొన్నేళ్ల కింద తీజ్ చివరి రోజు రాత్రి, మోతె దగ్గరి మా తండాలో ఆడవాళ్లందరూ గోధుమ మొలకల బుట్టల చుట్టూ చేరారు. మా తండాలో అందరికంటే పెద్ద పాటగత్తె, నాకు వరుసకు దాదీ అవుతుంది, ఆమె పాట ఎత్తుకుంది. తొమ్మిది రోజుల పాటలూ క్రమం తప్పకుండా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఈసారి ఎలాగైనా రికార్డు చేయాలని నేను ముందే అనుకున్నాను. మైక్ సెట్ వ్యాపారం మానేస్తున్న ఒకాయన దగ్గర ఆరు వేలకు కొన్న పన్నెండు చానెళ్ల పాత మిక్సర్ మా దగ్గర ఉంది. దాని నుంచి ఒక తీగ ఫోన్‌కు కలిపాం.

పాట అయ్యాక ఆమెకే వినిపించాం. ఆమె చెవి దగ్గర పెట్టుకొని కాసేపు విని, "నేను పాడుతుంటే లోపల గురక పెడుతున్నదెవరే?" అని అడిగింది. అందరం నవ్వాం. కానీ ఆమె అన్నది నిజం. పాట కింద మొదటి నుంచి చివరి వరకు "గుర్‌ర్" అని ఒకటే మోత. మధ్య మధ్య ఎవరో కంకర మీద నడిచినట్టు చరచరలు.

మరుసటి ఏడాది తీజ్‌కు ఆమె లేదు. ఇప్పుడు మాకు మిగిలింది ఆ ఒక్క రికార్డింగే, ఆ గురకతో సహా.

ఆ తర్వాతే మేము ఆ పెట్టె మూత విప్పాం. విప్పాక తెలిసింది, లోపల ఉన్నవి తీగలూ బిళ్లలూ మాత్రమే కాదని. ఒక్కో ముక్కకూ ఒక పుట్టిన సంవత్సరం ఉంది, ఒక కథ ఉంది. అందుకే ఇది చరిత్ర వ్యాసం.

మైకు లేని రోజుల్లో

మన పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగినవాళ్లు. 17వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ పది, పన్నెండు వేల ఎద్దులున్న బిడారులను చూసినట్టు రాశాడు. అంత పెద్ద గుంపులో ముందున్నవాళ్ల మాట వెనకవాళ్లకు చేరాలంటే గొంతు ఉండాలి, నంగారా ఉండాలి. ఒకరు పాట ఎత్తుకుంటే పదిమంది అందుకునే మన పద్ధతిని కూడా నేను అలాగే అర్థం చేసుకుంటాను. ఒక గొంతు దూరం పోదు, పది గొంతులు పోతాయి. అంటే మన వరస పాటే మన మొదటి మైక్ సెట్.

తర్వాత రైళ్లు వచ్చాయి. 1889 నాటికి నిజాం రైలు బెజవాడ చేరింది. ఎద్దుల మీద పోయే సరుకు రైలు ఎక్కింది, మనవాళ్ల వర్తకం పడిపోయింది. బిడారులు ఆగిన చోట తండాలు స్థిరపడ్డాయి. మనకంటే గట్టిగా, వేగంగా పనిచేసే యంత్రం వచ్చినప్పుడు, దాని మీద మనకు ఏ పట్టూ లేకపోతే ఏమవుతుందో మన జాతి అప్పుడే ఒకసారి చూసింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

గొంతును పెద్దది చేసే యంత్రం వచ్చి ఇంకా నూటపది ఏళ్లు దాటింది, అంతే. 1915 డిసెంబర్ 24న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ అనే ఇద్దరు సిటీ హాలు ముందు చేరిన జనానికి లౌడ్‌స్పీకర్‌తో పాటలు, ప్రసంగాలు వినిపించారు. మన దేశంలో 1930లలో బొంబాయికి చెందిన నానిక్ మోట్వానే తన "చికాగో రేడియో" మైకులను కాంగ్రెస్ సభలకు తీసుకెళ్లాడు. గాంధీ, నెహ్రూల పాత ఫొటోల్లో మైకు మీద ఆ పేరు కనిపిస్తుంది, గమనించండి. 1940లో ఢిల్లీలో అహుజా కంపెనీ మొదలైంది. తర్వాత్తర్వాత మన పల్లెల్లో ఆంప్లిఫయర్ అంటే అహుజా అన్నంతగా ఆ పేరు పాకింది.

మా చిన్నప్పుడు, అంటే క్యాసెట్ల కాలంలో, పెళ్లంటే వేపచెట్టుకు కట్టిన గొట్టం మైకే. మైక్ సెట్ అతను సైకిల్ మీదో, ట్రాక్టర్ మీదో వచ్చేవాడు. ఆ రోజంతా ఊళ్లో అతనే హీరో. ఆంప్లిఫయర్‌కు రెండు మూడు బొత్తాలే ఉండేవి. ఒక మైకు, ఒక క్యాసెట్. అతను ఏది పెడితే ఊరంతా అదే వినాలి. మా యాడి వాళ్లు పాడుతుంటే క్యాసెట్ ఆపమని బతిమాలుకోవాల్సి వచ్చేది. బొత్తాం ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పాట అని నాకు మొదట తెలిసింది అక్కడే.

కలిపే పెట్టె ఎలా పుట్టింది

ఒకే మైకు ఉంటే మిక్సర్ అక్కరలేదు. పాడేవాళ్లకు ఒకటి, నంగారాకు ఒకటి, కంచు పళ్లేనికి ఒకటి పెట్టినప్పుడు దేన్ని ఎంత వినిపించాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆ అవసరం ముందు రేడియో స్టేషన్లలో, సినిమాల్లో, రికార్డింగ్ స్టూడియోల్లో వచ్చింది. తొలినాళ్ల బోర్డులు వాల్వులతో పనిచేసేవి. బీరువాలంత బరువు, గది వేడెక్కిపోయేది. 1960లలో వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చాయి.

ఆ మార్పు తెచ్చినవాళ్లలో రూపర్ట్ నీవ్ ఒకడు. 1926లో ఇంగ్లండులో పుట్టి అర్జెంటీనాలో పెరిగాడు. పదమూడేళ్ల వయసులోనే రేడియోలు బాగుచేయడం మొదలుపెట్టాడు. యుద్ధం అయ్యాక పాత సైనిక అంబులెన్సు ఒకటి కొని, అందులో సామాను పెట్టుకొని ఊరూరా సభలకు మైకులు కట్టేవాడు, పాటలు రికార్డు చేసేవాడు. మన మైక్ సెట్ ట్రాక్టర్ గుర్తొచ్చిందా? 1960లలో ఆయన ట్రాన్సిస్టర్ బోర్డులు తయారుచేశాడు. వాటిలో కొన్నింటిని స్టూడియోలు ఇప్పటికీ బాగుచేసుకుంటూ వాడుతున్నాయి. అమెరికాలో సౌండ్ సిటీ అనే స్టూడియోలో 1973లో పెట్టిన ఒక నీవ్ బోర్డును, 2011లో ఆ స్టూడియో వ్యాపారం మూతపడ్డప్పుడు డేవ్ గ్రోల్ అనే సంగీతకారుడు కొని తన స్టూడియోలో నిలబెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ల కింద తన బ్యాండు పాటలు రికార్డు అయింది దాని మీదే. పాత బోర్డు అంటే చెత్త కాదని ఇంతకంటే ఏం చెప్పాలి?

జమైకా రిపేరు మనిషి

అయితే మీరు తెలుసుకోవాలని నేను కోరుకునే మనిషి వేరే ఉన్నాడు. ఆయన పేరు ఆస్బోర్న్ రడక్. లోకం "కింగ్ టబ్బీ" అంటుంది. 1941లో జమైకా దీవిలోని కింగ్‌స్టన్‌లో పుట్టాడు. అక్కడివాళ్లలో చాలామంది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి. టబ్బీ పని రేడియోలు, టీవీలు బాగుచేయడం. అక్కడ "సౌండ్ సిస్టమ్" అని ఉంటాయి. మన డీజే బాక్సుల్లాంటివే. వీధిలో పెద్ద పెద్ద బాక్సులు పేర్చి పాటలు పెట్టి జనాన్ని ఆడిస్తారు. వాటి ఆంప్లిఫయర్లు చెడిపోతే టబ్బీ దగ్గరికే తెచ్చేవాళ్లు. ఆ తర్వాత తనే ఒక సౌండ్ సిస్టమ్ పెట్టుకున్నాడు.

1970ల మొదట్లో ఒక పెద్ద స్టూడియో పాత సామాను తీసేస్తుంటే, అందులోని ఒక మిక్సర్‌ను టబ్బీ కొన్నాడు. కొత్తది కొనే స్తోమత లేదు. తెచ్చి ఇంట్లోనే ఒక గదిలో పెట్టుకున్నాడు. తన పనికి తగ్గట్టు దాన్ని మార్చుకున్నాడు. ఆ బోర్డులో కింది స్వరాలను కత్తిరించే ఒక పెద్ద బొత్తాం ఉండేది. మామూలు ఇంజనీర్లు దాన్ని ఒకచోట పెట్టి వదిలేస్తారు. టబ్బీ పాట నడుస్తుండగానే దాన్ని తిప్పేవాడు. ఒక చానెల్ మూసేవాడు, గొంతు మాయమయ్యేది. మళ్లీ తెరిచేవాడు, ప్రతిధ్వనిలో తేలుతూ వచ్చేది. అలా "డబ్" అనే కొత్త సంగీతమే పుట్టింది. ఈనాటి రీమిక్స్‌కు, డీజే సంగీతానికి అది ఒక తల్లివేరు. 1989లో టబ్బీ హత్యకు గురయ్యాడు. ఆయన బోర్డును మాత్రం అమెరికాలోని సియాటిల్ మ్యూజియం దాచింది.

ఆయన పెద్ద కాలేజీలో చదివి ఇది సాధించలేదు. పెట్టె విప్పడం తెలుసు, దేని పని ఏమిటో తెలుసు. అందుకే ఆ యంత్రం చేత ఎవరూ చేయించని పని చేయించాడు. కొనుక్కోవడం వేరు, విప్పడం వేరు అని నేను మీకు చెప్పాలనుకున్నది ఇందుకే.

మా బోర్డు మూత విప్పాం

ఇక మా కథ. ఈ పనిలో కూర్చున్నది నలుగురు. మా హాస్టల్లో చదివి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసిన అమ్మాయి ఒకతి. తండాలో మోటార్ వైండింగ్ చేసేవాళ్ల అబ్బాయి ఒకడు, ఐటీఐ చదివాడు. తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు. నేను బీఎడ్‌లో ఫిజికల్ సైన్స్ చదివాను కాబట్టి పాఠం చెప్పే పని నాది, చేసే పని వాళ్లది. రెండు ఆదివారాలు అనుకున్నది ఆరు ఆదివారాలు పట్టింది.

మొదటి నియమం: ప్లగ్ పీకి, ఆ రోజు బోర్డును ముట్టుకోలేదు. లోపలి పెద్ద కెపాసిటర్లు కరెంటు పోయాక కూడా కాసేపు చార్జి దాచుకుంటాయి. ఇంటి కరెంటు 230 వోల్టులు వచ్చే వైపు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ వైపు, పిల్లల చేతులు పెట్టనివ్వలేదు. అది ఐటీఐ అబ్బాయి పని. అతనికీ ఒకటే మాట చెప్పాను, "ఒక్కడివి ఉన్నప్పుడు చేయకు." రెండో నియమం: విప్పే ప్రతి దశలో ఫొటో. బొత్తాలు, స్క్రూలు వరుస తప్పకుండా కోడిగుడ్ల అట్టలో పెట్టాం.

తర్వాత రోగం ఎక్కడుందో వెతికాం. అన్ని మీటలూ కిందికి దించినా గురక పోలేదు. అంటే అది మైకు నుంచి రావడం లేదు, బోర్డు లోపలే పుడుతోంది. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి చూస్తే 100 హెర్ట్జ్ దగ్గర గీత లేచింది. పిల్లలకు అదే మంచి పాఠమైంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దాన్ని డీసీగా మార్చే డయోడ్లు ఆ ఊపులోని కింది సగాన్ని కూడా పైకి తిప్పుతాయి కాబట్టి 50 కాస్తా 100 అవుతుంది. ఆ అలలను చదును చేసే పని పెద్ద కెపాసిటర్లది. 50 దగ్గర గీత లేచి ఉంటే తీగల ఎర్త్ కలిసిన తీరులో తప్పు వెతికేవాళ్లం. 100 అంటే కెపాసిటర్లే అని అనుమానించాం. చూస్తే వాటి తలలు పొంగిన పూరీల్లా ఉబ్బి ఉన్నాయి.

ఈ రకం కెపాసిటర్ ఆలోచనకు 1890లలోనే కరోల్ పోలాక్ అనే పోలండు శాస్త్రవేత్త పేటెంట్ తీసుకున్నాడు. లోపల తడి ద్రవం ఉంటుంది. వాడినా వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక లెక్క ఉంది. మే నెలలో రేకుల షెడ్డులో పెట్టిన బోర్డు సంగతి ఇక చెప్పాలా? పాతవి 85 డిగ్రీలకు తట్టుకునేవి. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి పోయి, అదే కొలత, 2200 మైక్రోఫారాడ్, 35 వోల్టులు, కానీ 105 డిగ్రీలకు తట్టుకునేవి తెచ్చాం. చార గీసిన వైపు కాలు నెగటివ్. తిరగేసి పెడితే పేలుతుంది. ఇద్దరు వేర్వేరుగా చూసి సరే అన్నాకే సోల్డర్ చేశాం. స్విచ్ వేస్తే గురక లేదు. తొమ్మిదో తరగతి పిల్ల "మేడం, ఆగిపోయింది" అని గుసగుసగా అంది, గట్టిగా అంటే మళ్లీ మొదలవుతుందేమో అన్నట్టు.

చరచరలకు కారణం మీటల కింద చేరిన దుమ్ము, అరిగిన కార్బన్ పూత. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది, దాచను. బోర్డు కొన్న కొత్తలో మీటలు బిగుసుకున్నాయని నేనే కొబ్బరినూనె చుక్క వేయించాను. రెండు రోజులు మెత్తగా నడిచాయి. తర్వాత నూనెకు దుమ్ము అంటుకొని ముద్దయింది. దాన్ని తుడవడానికే ఒక ఆదివారం పోయింది. కరెంటు సామానుకు వాడే కాంటాక్ట్ క్లీనర్ తప్ప ఇంకేదీ వేయకండి. నూనె వద్దు, కిరోసిన్ వద్దు.

రెండు చానెళ్లు అసలు పలకలేదు. ఐసీ పోయిందని అందరం అనుకున్నాం. పోయింది ఐసీ కాదు, జాక్ రంధ్రం లోపలి చిన్న పత్తి. జాక్ పెట్టనప్పుడు అది మూసుకొని శబ్దాన్ని ముందుకు పంపాలి. చిలుము పట్టి మూసుకోవడం లేదు. ఈ పావు అంగుళం జాక్ పుట్టింది పాటల కోసం కాదు. 1870ల చివర టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టింది. తీగను ఒక రంధ్రం నుంచి తీసి ఇంకో రంధ్రంలో పెట్టి మనిషిని మనిషికి కలిపేవాళ్లు. కొద్ది ఏళ్లకే ఆ కుర్చీల్లో కూర్చున్నది ఎక్కువగా అమ్మాయిలే. నూటనలభై ఏళ్లు దాటినా అదే జాక్ మన చేతిలో ఉందని చెబితే, పిల్లలు దాన్ని మళ్లీ ఒకసారి తీసి చూశారు.

మైకు పెట్టే మూడు పిన్నుల రంధ్రం పక్కన "48 వోల్టులు" అని ఒక స్విచ్ ఉంటుంది. దానికీ కథ ఉంది. 1966లో నార్వే రేడియోకు జర్మనీ కంపెనీ నాయ్‌మన్ కొత్తరకం మైకులు తయారుచేసింది. ఆ స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉంది. మైకుకూ అదే వాడుకుందాం అన్నారు. చేతిలో ఉన్నదానితో సర్దుకున్న పని లోకమంతటికీ కొలత అయిపోయింది.

మెరుగు చేయబోయి

బోర్డు బాగైంది. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ మన పిల్లలకు ఉత్సాహం వచ్చింది. "అక్కా, ఐసీలు కూడా మంచివి వేద్దాం. ఇంకా స్టూడియో లెక్క వస్తది" అన్నాడు ఐటీఐ అబ్బాయి.

బోర్డులో శబ్దాన్ని పెంచే పని ఆప్ ఆంప్ అనే చిన్న ఐసీలది. 1968లో 741 అనే నంబరుతో వచ్చినది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, కానీ పాటకు అది మందం. తర్వాత 4558 అనేది చవక మిక్సర్లలో ఇల్లు కట్టుకుంది. 1979లో ఎన్ఈ5532 వచ్చింది. సొంత రొద తక్కువ. ఎన్నో స్టూడియో బోర్డులు దానితోనే నడిచాయి. మా బోర్డులో 4558లు ఉన్నాయి. కాళ్ల వరుస రెండిటికీ ఒకటే. కాబట్టి పాతవి పీకి, బేస్‌లు వేసి, కొత్తవి గుచ్చాం. దాదాపు అన్ని చానెళ్లకూ మార్చేశాం.

పది నిమిషాలకు కాలిన వాసన వచ్చింది. 5532 ఒక్కోటి 4558 కంటే రెట్టింపు పైగా కరెంటు తాగుతుంది. ఇరవై ముప్ఫై కలిసేసరికి 7815, 7915 అనే రెగ్యులేటర్లు ముట్టుకోలేనంత వేడెక్కాయి. పైగా రెండు చానెళ్లలో మైకు లేకుండానే సన్నని ఈల, గొంతు చిరిగినట్టు శబ్దం. వేగం ఎక్కువున్న ఐసీని నెమ్మదైన ఐసీ కోసం గీసిన బోర్డులో పెడితే అది తనంతట తానే ఊగిపోతుంది. కరెంటు కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారాడ్ చిన్న కెపాసిటర్ ఉండాలి, మా బోర్డులో లేదు.

మళ్లీ వెనక్కి వచ్చాం. ఎక్కువ చానెళ్లలో పాత ఐసీలే పెట్టాం. పాడేవాళ్ల మైకులు పెట్టే రెండు చానెళ్లలో, అన్ని చానెళ్లూ వచ్చి కలిసే చోట మాత్రం కొత్తవి ఉంచి, చిన్న కెపాసిటర్లు వేసి, రెగ్యులేటర్లకు అల్యూమినియం రేకులు పెద్దవి బిగించాం. అన్నీ కలిసే చోట పుట్టే రొద అన్ని పాటలకూ అంటుకుంటుంది. అందుకే అక్కడ మెరుగు చేస్తే ఫలితం ఉంటుంది. ఇప్పుడు వేడి లేదు, ఈల లేదు.

నిజం చెప్పాలంటే, ఐసీలు మార్చినందుకు వినిపించిన తేడా కొంచెమే. కెపాసిటర్లు మార్చినందుకు, దుమ్ము తుడిచినందుకు, చిలుము గీకినందుకు వచ్చిన తేడా చాలా ఎక్కువ. ఖర్చు చూస్తే కథ తిరగబడుతుంది. బాగు చేయడానికి కొన్ని వందలు, మెరుగు చేయడానికి దాని రెండింతలు. ముందు ఉన్నది బాగుచేసుకోవాలి, తర్వాతే కొత్తది వేయాలి. ఈ మాట మిక్సర్‌కే కాదు, మన ఊరి బడికీ, మన సంఘానికీ పనికొస్తుందని నాకు అనిపిస్తుంది.

బాగుకానిది ఒకటి

ఆ ఏడాది సేవాలాల్ జయంతికి, ఫిబ్రవరి 15న, మన బోర్డే పెట్టాం. మీటల దగ్గర కూర్చున్నది తొమ్మిదో తరగతి అమ్మాయి. ముందు నంగారా మీట కొంచెం దించింది, కంచు పళ్లెం మీట ఇంకొంచెం దించింది. ముసలమ్మల గొంతుల మీట పైకి జరిపింది. పదాలు పదాలుగా వినిపించాయి. వెనక కూర్చున్న ఒక యాడి "ఇన్నేళ్లకు నా పాట నాకే వినపడ్డది" అంది.

తీజ్ రాత్రి పాడిన మా దాదీ రికార్డింగ్ మాత్రం అలాగే ఉంది. కంప్యూటర్‌లో పెట్టి 100 హెర్ట్జ్ దగ్గర కోస్తే గురక తగ్గింది, కానీ ఆమె గొంతులోని నిండుదనమూ దానితోపాటు పోయింది. అందుకే కోయని కాపీని అలాగే ఉంచాం. బోర్డును బాగుచేయవచ్చు. బోర్డు చెడిపోయి ఉన్నప్పుడు పోయిన పాటను బాగుచేయలేం. ఆమె తొమ్మిది రోజుల పాటల్లో మాకు దక్కింది ఒక్క రాత్రివే. పెట్టెను ఒక ఏడాది ముందు విప్పి ఉంటే అన్న మాట ఇప్పటికీ నన్ను వదలదు. మన గోర్ బోలీ పాటల్లో ఎన్నో రాతలో లేవు. గొంతుల్లోనే ఉన్నాయి. ఆ గొంతులు డెబ్బై, ఎనభై ఏళ్లవి.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

2016లో మనకు సూర్యాపేట జిల్లా వచ్చింది, 2018లో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి. ఇప్పుడు పండుగలకు పెద్ద పెద్ద డీజే బాక్సులు వస్తున్నాయి. తప్పు కాదు, మీ వయసుకు ఆట కావాలి. కానీ ఒక్కటి అడుగుతాను. ఆ బోర్డు వెనక కూర్చునేది ఎవరు? బయటివాళ్లయితే వాళ్లకు మన పాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదు. బాస్ పెంచడమే తెలుసు. మన ముసలమ్మ గొంతు ఆ బాస్ కింద నలిగిపోతుంది. రైలు వచ్చినప్పుడు మన ఎద్దులకు ఏమైందో పైన చెప్పాను. ఆ రైలు మీద మన పెద్దలకు పట్టు లేదు. ఈ పెట్టె మీద మీకు పట్టు దొరుకుతుంది. నాలుగు స్క్రూలు విప్పితే చాలు, మొదలవుతుంది.

అందుకే నా మాటగా కొన్ని పనులు చెబుతున్నాను.

ప్రతి తండాలో ఇద్దరు మల్టీమీటర్ పట్టడం, సోల్డరింగ్ చేయడం నేర్చుకోండి. అందులో ఒకరు అమ్మాయి కావాలి. ఆడవాళ్ల పాటలకు ఆడపిల్ల చెవి ఉంటే మేలు.

పాత మిక్సర్ కొనేముందు అన్ని మీటలూ దించి వినండి. ప్రతి జాక్‌లో తీగ పెట్టి కదిపి చూడండి. పెట్టె వాసన చూడండి. కాలిన వాసన వస్తే వదిలేయండి.

ఇంటి కరెంటు వైపు పని తెలిసినవాళ్లు లేకుండా చేయకండి. సోల్డర్‌లో సీసం ఉంటుంది, కిటికీ తెరిచి పనిచేయండి, తినేముందు చేతులు కడుక్కోండి.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పక్క ఊరివాళ్లతో తగువు తెచ్చుకొని మన పండుగకు చెడ్డపేరు తేకండి.

అన్నిటికంటే ముందు, ఈ తీజ్‌కే మీ తండాలో పాటలు తెలిసిన పెద్దామెను అడిగి, ఆమె సరే అంటే కూర్చోబెట్టి రికార్డు చేయండి. ముందురోజే బోర్డు పరీక్షించండి. ఆమెకు వినిపించండి. గురక ఉందంటే నమ్మండి, మూత విప్పండి.

మా హాస్టల్లో ఆ బోర్డు ఇప్పటికీ నడుస్తోంది. చూడాలనుకునేవాళ్లు ఏ ఆదివారమైనా రండి. స్క్రూడ్రైవర్ మాత్రం మీరే తెచ్చుకోండి. మా పిల్లలు వాళ్లది ఎవరికీ ఇవ్వరు.

రామ్ రామ్.